కొసరు అసలైన కథ

కొన్నేళ్ళ క్రితం మాట. మా సంస్థలో లెక్కల విభాగం చూసే పెద్దాయన ఒక కాగితం పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చారు. మేము వాడే ఒక డేటాబేసు సాఫ్ట్‌వేరుకు ఏటేటా చెల్లించే చందా తాలూకు బిల్లు అది. ఆయన పదవీ విరమణకు అప్పటికి ఏడాదిన్నర మాత్రమే ఉంది. పెన్సిలు అరిగి వేళ్ళకు అందకుండా పోయేదాకా కొత్తది తీసుకోని మనిషి. "ఏమండీ, ఇది అంతర్జాలంలో ఊరికే దొరుకుతుందని మా అబ్బాయి చెప్పాడు. నిజమేనా?" అని అడిగారు. నిజమేనన్నాను. "మనం డబ్బు కట్టి వాడేదీ, ఊరికే దొరికేదీ ఒకటేనా?" అన్నారు. దాదాపు ఒకటేనన్నాను. "అయితే ఈ లక్షలు దేనికండీ?" అన్నారు.

ఏదో సర్దిచెప్పి సంతకం పెట్టించుకున్నాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మనబోటి తెలుగు బ్లాగరులకు అది మరీ దగ్గరగా తగిలే ప్రశ్న. లేఖిని మొదలుకొని పోతన ఖతి వరకు, మనం తెరమీద తెలుగు రాయడం నేర్చుకున్నదంతా ఎవరెవరో ఊరికే ఇచ్చిన పనిముట్లతోనే. ఊరికే వచ్చినదాని విలువ మనకు తెలుసు. మరి లాభనష్టాల లెక్క తప్ప మరొకటి ఎరగని కంపెనీలు, ఊరికే దొరికేదాన్ని కాదని డబ్బు పోసి ఎందుకు కొంటాయి? సమాధానం వెతుక్కుంటూ పోగా అది నన్ను డెబ్భై ఏళ్ళు వెనక్కి తీసుకువెళ్ళింది. ఆ ప్రయాణమే ఈ టపా.

సాఫ్ట్‌వేరు పుట్టిన రోజుల్లో దానికి ధర లేదు. ఆ మాటకొస్తే పేరు కూడా సరిగా లేదు. జాన్ ట్యూకీ అనే గణితవేత్త 1958లో ఒక వ్యాసంలో వాడిన తరువాతే ఆ పదం మెల్లగా వ్యాప్తిలోకి వచ్చింది. అప్పట్లో ఐబీఎం తన యంత్రాలను ప్రధానంగా అద్దెకు ఇచ్చేది. నెలనెలా కట్టే ఆ అద్దెలోనే మరమ్మతులు చేసే ఇంజనీరు, పాఠాలు చెప్పే శిక్షకుడు, నడపడానికి కావలసిన ప్రోగ్రాములు, అన్నీ కలిసి ఉండేవి. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ భాషకు కూడా వినియోగదారులు వేరే సొమ్ము కట్టలేదు. కూరగాయల అంగడిలో కిలో వంకాయలు తూచాక పైన వేసే రెండు కాయలను మనం కొసరు అంటాం. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేరు సరిగ్గా అలాంటి కొసరు.

పైగా వాడుకరులు కూడా తాము రాసుకున్న ప్రోగ్రాములను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేవారు. లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో ఐబీఎం యంత్రాలు వాడే సంస్థలు 1955లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి. వాటిలో ఎక్కువభాగం విమానాలు తయారుచేసేవి. ఆ సంఘం పేరే 'షేర్', అంటే పంచుకోవడం. సైనిక కాంట్రాక్టుల కోసం ఒకదానితో ఒకటి పోటీపడే కంపెనీలు ప్రోగ్రాముల దగ్గరికి వచ్చేసరికి చేతులు కలిపాయి. ఇందులో ఔదార్యం ఎంత ఉందో అవసరమూ అంతే ఉంది. ప్రోగ్రాములు రాయగలిగినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందీ ఒకే గణితపు పనిని పది చోట్ల పదిసార్లు రాస్తూ కూర్చుంటే ఎవరికీ లాభం లేదు.

అయితే కొసరు ఊరికే రాదు. అంగడివాడు దాని ఖరీదును ముందే అసలులో కలుపుకొని ఉంటాడు. ఈ సంగతి బయటపడాలంటే కొసరును విడిగా అమ్మజూపేవాడు ఒకడు రావాలి. అలా వచ్చినవాళ్ళలో మొదట చెప్పుకోవలసింది న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో 1959లో మొదలైన అప్లైడ్ డేటా రీసెర్చ్ అనే చిన్న సంస్థ.

ఆ కాలంలో కంపెనీలను వేధించిన సమస్య ఒకటుంది. ప్రోగ్రాము రాసినవాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోతే, అతడు రాసినది మరొకరికి అర్థమయ్యేది కాదు. ప్రోగ్రాము నడకను గళ్ళూ బాణాలతో బొమ్మగా గీసి ఉంచితే వెనకవచ్చేవాడికి దారి తెలుస్తుంది. కాని ఆ బొమ్మలు గీసే ఓపిక ఏ ప్రోగ్రామరుకూ ఉండదు. ఇప్పటికీ లేదనుకోండి, అది వేరే సంగతి. ప్రోగ్రామును చదివి ఆ బొమ్మను తానే అచ్చువేసే సాధనాన్ని అప్లైడ్ డేటా రీసెర్చ్ తయారుచేసింది. దాని పేరు ఆటోఫ్లో. ఆర్‌సీఏ అనే కంప్యూటర్ల తయారీదారు అడిగితే మొదలుపెట్టిన పని అది. తీరా చేశాక ఆర్‌సీఏ కొనలేదు. అప్పుడు సంస్థ దాన్ని నేరుగా ఆర్‌సీఏ యంత్రాలు వాడేవారికే 2,400 డాలర్లకు ఇవ్వజూపింది. ఒకరిద్దరు తప్ప తీసుకున్నవారు లేరు. ఇక లాభం లేదని, పదివేలకు పైగా తయారైన ఐబీఎం 1401 యంత్రానికి సరిపోయేలా మళ్ళీ రాశారు.

అక్కడ ఎదురైన అడ్డంకే ఈ కథకు ఆయువుపట్టు. అలాంటి బొమ్మలు గీసే ప్రోగ్రామును ఐబీఎం ఊరికే ఇస్తోంది. అయినా ఆటోఫ్లో వేలల్లో అమ్ముడుపోయింది. ఎందుకంటే, ఐబీఎం ఇచ్చేదానికి ప్రోగ్రామరు అదనపు గుర్తులు తన చేత్తో రాసి ఇవ్వాలి. ఆటోఫ్లోకు ఆ పని లేదు. ఊరికే వచ్చేది జీతగాళ్ళ గంటలను తినేస్తుంది, డబ్బు పెట్టి కొన్నది ఆ గంటలను మిగులుస్తుంది. ప్రోగ్రాము ధర పక్కన మనిషి కాలం ధరను రాసి చూడడం కంపెనీలు నేర్చుకున్నది ఇలాంటి సందర్భాల్లోనే.

కాని ప్రతి అమ్మకంలోనూ ఒకటే మాట ఎదురయ్యేది. "కొంతకాలం ఆగితే ఐబీఎం ఊరికే ఇస్తుంది కదా." ఊరికే ఇచ్చేవాడితో ఎవరు పోటీపడగలరు? ఆటోఫ్లోను నడిపించిన మార్టిన్ గెట్జ్ 1968లో, సాఫ్ట్‌వేరుకు సంబంధించి అమెరికాలో తొలి పేటెంటుగా చెప్పుకునే దాన్ని పొందినవాడు. ఆయన సంస్థ 1969 ఏప్రిల్‌లో ఐబీఎం మీద దావా వేసింది. అంతకు మూడు నెలల ముందే, జనవరిలో, అమెరికా న్యాయశాఖ కూడా ఐబీఎం గుత్తాధిపత్యం మీద కేసు పెట్టి ఉంది. చివరకు 1969 జూన్ 23న ఐబీఎం తన నిర్ణయాన్ని ప్రకటించింది. ఇకమీదట యంత్రం ధర యంత్రానిదే, శిక్షణ ధర శిక్షణదే, కొన్ని ప్రోగ్రాముల ధర ప్రోగ్రాములదే. మొదటి విడతలో 17 ప్రోగ్రాములకు విడిగా అద్దె నిర్ణయించింది. అందుకు బదులుగా యంత్రాల అద్దెలో తగ్గించినది 3 శాతం మాత్రమే. ఇంతకాలం కొసరు వేశామన్న వస్తువుకు అంగడివాడే కట్టిన లెక్క అది! వినియోగదారులు గుర్రుమన్నారట. అనరూ మరి?

కేసుల భయం, ఏటేటా పెరిగిపోతున్న ప్రోగ్రాముల ఖర్చు, ఈ రెండూ కలిసి ఆ నిర్ణయం చేయించాయని చరిత్రకారులు చెబుతారు. ఏదైతేనేం, అప్పటినుంచి సాఫ్ట్‌వేరు ఒక సరుకు అయింది. సరుకు అయ్యాక మరొక విచిత్రం బయటపడింది.

కాలిఫోర్నియాలో ఇన్ఫర్మాటిక్స్ అనే సంస్థ ఉండేది. అక్కడ జాన్ పోస్ట్లీ అనే ఆయన 1967లో మార్క్ ఫోర్ అనే ప్రోగ్రామును 30,000 డాలర్ల ధరకు మార్కెట్లో పెట్టాడు. దస్త్రాలలోని సమాచారాన్ని అడిగిన రూపంలో తీసి నివేదికలుగా అచ్చువేయడం దాని పని. ప్రోగ్రాములు కొసరుగా దొరికే కాలంలో అంత ధరా అని ముక్కున వేలేసుకున్నారు. కాని అదే పనికి సొంత మనుషులను పెట్టి రాయించుకుంటే దానికి ఎన్నో రెట్లు అవుతుందని కంపెనీలు లెక్కవేసుకున్నాయి. మొత్తం అమ్మకాల్లో పది లక్షల డాలర్లు దాటిన తొలి సాఫ్ట్‌వేరు సరుకుగా అది పేరు తెచ్చుకుంది. చివరకు పది కోట్లు కూడా దాటింది. విచిత్రం అది కాదు. కొన్నవారికి మార్పులూ మెరుగులూ ఊరికే ఇస్తామని సంస్థ మొదట్లో ధీమాగా ఒప్పుకుంది. వంకాయలు అమ్మినవాడికి రేపు వాటితో పని ఉండదు. ప్రోగ్రాము అమ్మినవాడికి ఆ విముక్తి లేదు. యంత్రం మారుతుంది, దాని కింద నడిచే వ్యవస్థ మారుతుంది, కొన్నవాడి అవసరం మారుతుంది, దాగిన తప్పులు ఒక్కటొక్కటిగా బయటికొస్తాయి. ఆ ఖర్చు భరించలేక ఇన్ఫర్మాటిక్స్ నిర్వహణకు విడిగా రుసుము పెట్టవలసివచ్చింది. కొన్నవారు ఆ రుసుమూ కట్టారు. ఈనాడు పెద్ద కంపెనీలు తాము కొన్న సాఫ్ట్‌వేరు ధరలో సుమారు ఐదో వంతును ఏటేటా నిర్వహణ కింద కట్టే ఆచారం ఇలాంటి మొదళ్ళ నుంచి వచ్చినదే.

అంటే కంపెనీ కొంటున్నది నేటి ప్రోగ్రామును కాదు, రేపటి ప్రోగ్రామును. రేపు ఏమవుతుందో కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. ఏమైనా చూసుకునే మనిషి ఒకడు ఉండాలి.

ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో మన దేశం 1978లో చూసింది. విదేశీ కంపెనీలు తమ వాటాను తగ్గించుకోవాలన్న చట్టానికి ఒప్పుకోక ఐబీఎం ఆ ఏడాది భారతదేశం నుంచి వెళ్ళిపోయింది. యంత్రాలు ఇక్కడే ఉన్నాయి, ప్రోగ్రాములూ ఉన్నాయి. లేనిది పిలిస్తే వచ్చే మనిషి. ఆ బాధ్యతను ఎత్తుకున్నది అప్పటికి కొన్నేళ్ళ క్రితమే ఏర్పడిన ఒక ప్రభుత్వ సంస్థ. మనందరికీ సీఎంసీగా తెలిసిన ఆ సంస్థ అసలు పేరులోనే దాని పని ఉంది: కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. వెళ్ళిపోయినవాడి యంత్రాలను కనిపెట్టి ఉండడంతో బతుకు ప్రారంభించి, 1980లలో రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను నిర్మించేదాకా ఎదిగింది. దాని పరిశోధనాభివృద్ధి కేంద్రం మన సికింద్రాబాదులోనే ఉండేది. 2001లో ప్రభుత్వం దాన్ని టాటాలకు అమ్మింది, 2015లో అది టీసీఎస్‌లో కలిసిపోయింది. జంటనగరాల్లో ఒక తరం ఇంజనీర్లకు 'సీఎంసీలో ఉద్యోగం' అంటే ఎంత గౌరవమో చెప్పనక్కరలేదు.

కంపెనీలు డబ్బు కట్టడానికి ఇంకొక కారణం చట్టం. 1972లో ఐబీఎం జర్మనీ శాఖ నుంచి అయిదుగురు ఉద్యోగులు బయటికి వచ్చి సొంత సంస్థ పెట్టుకున్నారు. అదే నేటి ఎస్ఏపీ. వారి తొలి వినియోగదారు ఐసీఐ అనే రసాయనాల కంపెనీకి చెందిన నైలాను కర్మాగారం. సొంత కంప్యూటరు లేక ఆ అయిదుగురూ వినియోగదారు కంప్యూటరు మీదే పనిచేసేవారట. వారు పట్టుకున్న కిటుకు ఇది. ప్రతి కంపెనీ తన జమాఖర్చులు వేరని అనుకుంటుంది గాని, చట్టం అందరికీ ఒకటే. పన్నుల నిబంధన మారినప్పుడు వెయ్యి కంపెనీలు వెయ్యిసార్లు మార్చుకునే బదులు, ఒకరు ఒకసారి మార్చి వెయ్యిమందికి ఇస్తే ఆ ఖర్చు వెయ్యి పాళ్ళుగా చీలుతుంది. 'షేర్' సంఘం చేసిన పంపకమే ఇది, మధ్యలో సొమ్ము చేతులు మారడం ఒక్కటే తేడా. 1992లో వచ్చిన వారి ఆర్-త్రీని ఆ దశాబ్దం చివర్లో కంపెనీలు ఎగబడి కొన్నాయి. 2000 సంవత్సరానికి పాత ప్రోగ్రాములలోని రెండంకెల తేదీలను దిద్దుకునే బదులు, కొత్త వ్యవస్థనే కొనడం మేలని చాలామంది తలచారు. ఆ గిరాకీ అల అమీర్‌పేట దాకా వచ్చింది. మైత్రీవనం చుట్టూ గోడలన్నీ ఎస్ఏపీ, ఒరాకిల్ కోర్సుల ప్రకటనలతో నిండిపోయిన రోజులు మనలో చాలామందికి గుర్తే.

ఇదే లెక్క చిన్న దుకాణానికీ వర్తిస్తుంది. 1986లో బెంగుళూరులో పుట్టిన ట్యాలీకి దొంగ ప్రతులు దొరకని ఊరు ఉండేది కాదు. మా బంధువు ఒకాయన అలాంటి ప్రతితోనే ఎరువుల దుకాణం లెక్కలు ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాడు. 2005లో వ్యాట్ వచ్చినప్పుడు కూడా ఏదో తంటాలు పడ్డాడు. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది. ఆ నెలలోనే అసలు ప్రతి కొన్నాడు. ఏం మామయ్యా, బుద్ధి వచ్చిందా అంటే, "బుద్ధి కాదురా, చట్టం మారుతూ ఉంటే దొంగ ప్రతి మారదు కదా" అన్నాడు. నేను చదివిన చరిత్ర పుస్తకాలన్నీ కలిపి చెప్పిన సంగతిని ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు.

ఇప్పుడు మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమం ప్రకటించాడు. 1991లో లినక్సు వచ్చింది. సాఫ్ట్‌వేరు మరోసారి ఊరికే దొరికే వస్తువయింది. ఈసారి కొసరుగా కాదు, హక్కుగా. ఇక డబ్బు కట్టేవారు ఉండరనుకున్నారు. జరిగింది వేరు. రెడ్ హ్యాట్ సంస్థ లినక్సునే చందా పద్ధతిలో అమ్మింది. దాని మూలాన్ని తీసుకొని సెంటాస్ అనే కవల సోదరుణ్ణి 2004 నుంచి వేరేవారు ఊరికే ఇస్తున్నా, 2012 ఫిబ్రవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో రెడ్ హ్యాట్ రాబడి వంద కోట్ల డాలర్లు దాటింది. 2019లో దాన్ని దాదాపు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది ఎవరనుకున్నారు? అప్పుడెప్పుడో కొసరుకు ధర కట్టిన ఐబీఎమ్మే!

ఆ కంపెనీలు కొన్నది ప్రోగ్రామును కాదు, మాటను. ఇన్నేళ్ళపాటు దిద్దుబాట్లు ఇస్తామన్న మాట, అర్ధరాత్రి పిలిస్తే పలుకుతామన్న మాట. మాట ఇచ్చినవాడు తప్పితే నిలదీయడానికి చేతిలో ఒక కాగితం. ఊరికే ఇచ్చినవాణ్ణి నిలదీసే హక్కు ఎవరికీ లేదు. 2020 డిసెంబరులో ఆ సంగతి లోకానికి మరోసారి తెలిసివచ్చింది. అప్పటికి సెంటాస్ కూడా రెడ్ హ్యాట్ గూటికే చేరి ఉంది. 2029 దాకా దిద్దుబాట్లు అందుతాయనుకున్న దాని ఎనిమిదో సంచిక 2021 చివరికే ఆగిపోతుందని ప్రకటన వచ్చింది. నమ్ముకున్నవారు గొల్లుమన్నారు, కాని ఎవరిని ఏ కాగితం చూపి అడుగుతారు?

ఇక్కడితో ఆపితే డబ్బు కట్టేవాడు తెలివైనవాడు, కట్టనివాడు అమాయకుడు అని తేలిపోతుంది. నా మనసు దానికి ఒప్పుకోదు. కారణం చెబుతాను.

లెక్కల పెద్దాయన వచ్చి అడిగిన కొన్ని నెలలకు, ఒక శనివారం రాత్రి మా డేటాబేసు నిలిచిపోయింది. నెలాఖరు, సోమవారం జీతాలు పడాలి. చందా కాగితంలో ఉన్న నంబరుకు ఫోను చేశాను. పావుగంటలో ఒక గొంతు పలికింది. తెల్లవారుజాము దాకా నాతోనే ఉంది. దిద్దుబాటు పంపింది, జీతాలు పడ్డాయి. కట్టిన డబ్బు వసూలైంది. మర్నాడు కుతూహలం కొద్దీ ఆ దిద్దుబాటు చరిత్ర తీసి చూశాను. దాన్ని రాసినవాడు మేము డబ్బు కట్టిన సంస్థ ఉద్యోగి కాడు. ఎక్కడో ఐరోపాలో, తన ఉద్యోగం తాను చేసుకుంటూ, ఒక ఆదివారం కూర్చొని రాసి ఊరికే ఇచ్చిన మనిషి. మాట ఇచ్చినది ఒకరు, ఆ మాట నిలబెట్టినది మరొకరు. రెండోవారికి మా నుంచి చేరినది సున్న.

ఇది మా ఒక్కరి కథ కాదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాములో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. బ్యాంకులు, అంగళ్ళు, ప్రభుత్వాలు తమ జాలస్థలాల రహస్యాలను కాపాడుకునేందుకు నమ్ముకున్న తాళం అది. దాన్ని చూసుకునే సంస్థకు విరాళాలుగా వచ్చేది ఏడాదికి సుమారు 2,000 డాలర్లని, పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడేనని దాని బాధ్యులే అప్పుడు చెప్పారు. తాళం మీద కోట్లు గడిస్తున్నవారు తాళం చేసేవాడు తిన్నాడో లేదో కనుక్కోలేదు. గుండె జారాక పెద్ద కంపెనీలు కలిసి ఒక నిధి పెట్టాయి. అయినా 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జేలో అంతకంటే ఘోరమైన లోపం బయటపడ్డప్పుడు, రాత్రింబగళ్ళు కూర్చొని దిద్దినవారిలో చాలామంది స్వచ్ఛంద సేవకులే.

కనుక నాకు తోచినది ఇది. కంపెనీలు డబ్బు కట్టేది తప్పులేని ప్రోగ్రాముకు కాదు, జవాబు చెప్పే మనిషికి. డెబ్భై ఏళ్ళుగా ఆ లెక్క మారలేదు, అది తప్పుడు లెక్కా కాదు. అయితే బిల్లు పంపగలిగినవాడికే డబ్బు చేరుతుంది. బిల్లు పంపనివాడు ఏ పద్దులోనూ కనబడడు. 1969కి ముందు అద్దెలో దాగిన కొసరులాగే, నేడు ప్రతి చందాలోనూ ఎవరిదో పేరులేని శ్రమ దాగి ఉంది.

మరుసటి ఏడాది చందా బిల్లు వచ్చినప్పుడు పెద్దాయన దగ్గరికి నేనే వెళ్ళాను. ఈ కథంతా చెప్పాను. ఆ శనివారం రాత్రి సంగతీ చెప్పాను. మేము ఊరికే వాడుకుంటున్న నాలుగు ప్రోగ్రాముల పేర్లు రాసి, వాటికి కూడా ఏటా కొంత పంపితే బాగుంటుందన్నాను. నవ్వుతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకొని, "బిల్లు లేకుండా ఏ పద్దు కింద రాయమంటారు? దానం అంటే ఆడిటరు ఒప్పుకోడు" అన్నారు. సంభావన అని రాయండి అన్నాను హాస్యానికి. ఆయన కాసేపు ఆలోచించి, పొట్టి పెన్సిలుతో ఆ కాగితం అంచున 'నిర్వహణ ఖర్చులు' అని రాసి, పెద్ద మొత్తం కాదుగాని ఒక అంకె వేశారు.

ఆయన రిటైరయ్యారు. ఆ పద్దు ఇప్పటికీ నడుస్తోంది. మీ మీ సంస్థల్లో ఇలాంటి పద్దు ఏదైనా ఉంటే, ఏ పేరుతో రాస్తున్నారో వ్యాఖ్యల్లో తెలియజేయగలరు. మా కొత్త లెక్కలాయన ఈ మధ్య మళ్ళీ అడుగుతున్నారు.